అడుగునీళ్లు పైకొచ్చిన రోజు

తుంపర అసలు పేరు వాళ్ల అక్కకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అక్క కూడా ఆ పేరుతో పిలవదు. చిన్నప్పుడు గబగబా మాట్లాడుతూ ఎదుటివాళ్ల మొహాన తుంపరలు చిలకరించేవాడని ఆ పేరు పెట్టింది ఆవిడే. పెద్దయ్యాక అతను ఫౌంటెన్లు బిగించే పనిలో దిగడంతో పేరు ఇక వదిలే ప్రసక్తే లేకుండా పోయింది. హోటల్ ముందో ఆసుపత్రి ముందో నీళ్లు పైకెగిరి, రంగు దీపాల్లో మెరిసి కింద పడుతున్నాయంటే అది చాలావరకు తుంపర చేతి పనే. అలాంటి చోట ఆగి, ముక్కూ మొహం తెలియనివాళ్లతో కూడా ఇది నేనే బిగించానని చెప్పేస్తాడు. చెప్పకపోతే అతనికి ఆ రోజు అన్నం సయించదు.

ఫౌంటెన్ల వాళ్లకు ఒక పద్ధతి ఉంది. పని పూర్తిచేసి అప్పగించే రోజున మోటారును పూర్తి జోరు మీద నడపాలి. గొట్టాల్లో ఇరుక్కున్న ఇసుక, జిగురు ముక్కలు కొట్టుకుపోతాయి. చూడ్డానికి వచ్చినవాళ్లు నోళ్లు వెళ్లబెడతారు. మర్నాటి నుంచి సగానికి తగ్గించి వాడుకోండని చెప్పి, సామాను సర్దుకుని వచ్చేయాలి. తుంపర ఈ పద్ధతిని పని నేర్పిన పెద్దమేస్త్రీ దగ్గర నేర్చుకున్నాడు. ఎన్నడూ తప్పలేదు, తప్పాల్సిన అవసరమూ రాలేదు. ఇన్నాళ్లూ తిండి పెట్టిన అలవాటే ఒక్కోసారి మనిషి కొంప ముంచుతుంది. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే నాకీ కథా ఉండేది కాదు, తుంపరకు ఆ ఆదివారమూ ఉండేది కాదు.

అక్కకొక చెరువుంది. చెరువంటే పొలాలకు నీళ్లు పారించేది కాదు. ఎప్పుడో రాళ్లు తవ్వుకుని వదిలేసిన పెద్ద గొయ్యి. ఏళ్ల తరబడి వాననీళ్లు నిండి, నిండి, చెరువైంది. బావ దాన్ని తీసుకుని, చుట్టూ కంచె కట్టి, చేపలు పోసి, ఒడ్డున చెక్కబల్లలు వేయించాడు. గాలాలు పట్టుకుని జనం వస్తారు, పొద్దస్తమానం కూర్చుంటారు. పట్టిన చేపను మళ్లీ నీళ్లలోనే వదిలేయాలి. అది బావ పెట్టిన షరతు. తినని చేపను పట్టడం దేనికని తుంపర వాళ్ల పిన్ని ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. దానికి జవాబు పట్టేవాళ్ల దగ్గర కూడా లేదు.

ఆ నీళ్లలో ఒక ముసలి చేప ఉంది. పై పెదవి మీద పాత గాలం చీల్చిన గంటు ఉంటుంది. దాన్ని అందరూ పెద్దాయన అంటారు. ఊళ్లో పళ్ల డాక్టరు ఒకాయన ఎన్నో ఏళ్ల కిందట ఒకే ఒక్కసారి పెద్దాయనను పట్టి, చేతుల్లోకి తీసుకుని, వదిలేశాడు. అప్పటినుంచి ప్రతి సెలవురోజూ వచ్చి మళ్లీ ఆయన దర్శనం కోసం కూర్చుంటాడు. ఇంట్లో భార్య ఏమంటుందో మనకు తెలియదు.

బావ పోయాక చెరువు బాధ్యత అక్క మీద పడింది. పడిందనడం కూడా తప్పే. ఆవిడే ఎత్తుకుంది. పొద్దున్నే లేచి మేత చల్లడం, బల్లలు తుడవడం, ఒడ్డున ఎవడో పారేసిన గాలం ముల్లును వెతికి తీయడం, ఇవే ఆవిడ రోజులు. నీళ్ల మధ్యలో బావ తయారుచేసిన ఫౌంటెన్ ఉండేది. రెండు ప్లాస్టిక్ పీపాలు, వాటి మీద ఇనుప చట్రం, చట్రంలో పాత వాషింగ్ మెషీన్ నుంచి ఊడదీసిన మోటారు. అది ఒకవైపుకు ఒరిగి, గొంతు పుక్కిలిస్తున్న చప్పుడు చేస్తూ, గాలికి వంగిపోయిన గొడుగులా నీళ్లు చిమ్మేది. దాన్ని చూసినప్పుడల్లా తుంపరకు ఒళ్లు మండిపోయేది. ఊరందరికీ ఫౌంటెన్లు పెట్టే మనిషి అక్క చెరువులోనే ఇలాంటిదా అని.

ఆ ఎండాకాలం నీళ్లు చిక్కబడ్డాయి. పైన పచ్చటి నాచు తెట్టెలా కట్టింది. పొద్దున లేచేసరికి చిన్న చేపలు కొన్ని వెల్లకిలా తేలుతున్నాయి. అక్క ఫోన్ చేస్తే తుంపర ఉన్నపళాన వచ్చాడు, చూశాడు, చూసిన వెంటనే తేల్చేశాడు. ఫౌంటెన్ పైనీళ్లకే గాలినిస్తుంది. గొయ్యి లోతు, అడుగునీళ్లు అసలు కదలవు. ఎండకు వేడెక్కిన పైనీళ్లు మూతలా బిగుసుకుని ఉంటే, చల్లటి అడుగునీళ్లు ఊపిరాడక కుళ్లిపోతుంటాయి. కాబట్టి ఒడ్డున గాలి మిషను పెట్టి, గొట్టాలతో అడుగుదాకా గాలి దింపి, అక్కడ సన్న చిల్లుల రబ్బరు పళ్లేల్లోంచి బుడగలుగా వదలాలి. బుడగలు అడుగునీళ్లను పైకి తోడతాయి. ఈమధ్యే ఒక కంపెనీవాళ్ల దగ్గర ఆ పని నేర్చుకుని వచ్చాడు. చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు, అది మనం ఒప్పుకోవాలి.

అక్క వెంటనే సరేననలేదు. ఆవిడ అతని చేతికి గాజుగ్లాసు ఇవ్వడానికి కూడా వెనకాడే మనిషి. ఒకప్పుడు ఆవిడ రేడియోను శుభ్రం చేస్తానని తీసుకెళ్లి నీళ్ల తొట్టెలో ముంచాడు. అప్పుడు ఆవిడ తిట్టలేదు, కొట్టలేదు. బడికి సెలవులిచ్చిన నాటినుంచి మళ్లీ తెరిచేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. అక్క కోపం అలాంటిది. కోపమొస్తే ఆవిడ నోరు మూతపడుతుంది, ఎదుటివాడు మాడిపోతాడు. తిట్లకు మందుంది, మౌనానికి లేదు. తుంపరకు ప్రపంచంలో భయమనేది ఏదైనా ఉంటే అక్క మాట్లాడకపోవడమే.

చివరికి ఆవిడ ఒప్పుకుంది. ఒప్పుకుంటూ ఒక్క మాట అంది.

"నీ పని మీద నాకు అనుమానం లేదురా. కానీ ఆ చేపలు నావి కావు, మీ బావవి. అది గుర్తుపెట్టుకో."

తుంపరకు ఆ మాటలో మొదటి సగమే వినిపించింది. పుట్టి బుద్ధెరిగాక అక్క తనను నమ్మి ఒక పని అప్పగించడం ఇదే మొదటిసారి. రాత్రి భార్యకు చెప్పాడు, పొద్దున మళ్లీ చెప్పాడు. చెరువు బాగుపడితే చాలదు, అక్క మొహం వెలగాలి. ఆ వెలుగు కోసం అతను ఏమైనా చేసేలా ఉన్నాడు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

మిషను బిగించడానికి వచ్చిన రోజున ముందుగా బావ ఫౌంటెన్‌ను తాడుతో ఒడ్డుకు లాగి, షెడ్డులోకి ఈడ్చి మూలకు తోశాడు. దాని స్విచ్ పెట్టె, పొడుగాటి వైరు మంచివేనని ఊడదీసి కొత్త మిషనుకు పెట్టుకున్నాడు. అక్క షెడ్డు గుమ్మంలో నిలబడి చూసింది. పీపాలకు అంటిన నాచును కొంగుతో కొంచెం తుడిచి ఇంట్లోకెళ్లిపోయింది. ఆ తుడవడం తుంపర కంట పడింది గానీ బుర్రకెక్కలేదు.

ఆదివారం మధ్యాహ్నం అప్పగింత. ఎండ మండిపోతోంది. గాలాలవాళ్లు అందరూ వచ్చారు. పిన్ని గొడుగేసుకుని, ఒడ్డున అందరికంటే మంచి కుర్చీ వెతుక్కుని కూర్చుంది. పళ్ల డాక్టరు గాలం తేకుండా కెమెరా తెచ్చాడు. తుంపర ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. షెడ్డు ముందు నిలబడి, చెరువుకు ఊపిరితిత్తులు ఎలా అమరుస్తున్నాడో వివరంగా, తుంపరలతో సహా చెప్పాడు. తర్వాత వాల్వు కొంచెం తిప్పాడు.

నీళ్ల మధ్యలో నాలుగు చోట్ల బుడగలు లేచాయి. సన్నగా, బిడియంగా, గిన్నెలో నీళ్లు కాగడం మొదలెట్టినట్టు. అంతే. ఇంకేమైనా వస్తుందేమోనని జనం చూశారు. ఏమీ రాలేదు.

"ఇంతేనా?" అంది పిన్ని. "దీనికా నన్ను ఎండలో కూర్చోబెట్టావు? మీ బావది ఎంత వంకరగా ఉన్నా, నీళ్లు పైకి లేచేవి కదరా."

ఎవరో కిసుక్కుమన్నారు. తుంపర అక్క వైపు చూశాడు. అక్క నవ్వలేదు, కానీ మొహం వెలగనూ లేదు. షెడ్డు వైపు, మూలనున్న పీపాల వైపు చూస్తోంది. అతని చెవులు వేడెక్కాయి. జీవితమంతా నీళ్లను ఆకాశానికి ఎగరేసి బతికినవాడు నాలుగు బుడగలు చూపించి చప్పట్లు కొట్టమని ఎలా అడుగుతాడు? అప్పగింత రోజు పూర్తి జోరు. గురువు చెప్పిన మాట. వాల్వు చివరిదాకా తిప్పేశాడు.

ఈసారి చెరువు ఉడికినట్టు పొంగింది. నీళ్లు గుమ్మటాల్లా ఉబ్బి, అలలు చుట్టూ పాకి ఒడ్డున బల్లల కాళ్లను తడిపాయి. పచ్చటి తెట్టె చిరిగిపోయి పక్కలకు జరిగింది. జనం అబ్బో అన్నారు. పిన్ని కూడా గొడుగు పక్కకు జరిపి చూసింది. తుంపర ప్రాణం లేచొచ్చింది. అందరికీ కాఫీలు పోయించాడు. తను తాగడం మర్చిపోయి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి అడుగునీళ్ల సంగతి మళ్లీ మొదటినుంచి చెప్పాడు. వినేవాళ్లు దొరికితే అతనికి పొద్దు తెలియదు. మిషను మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంది.

ఎండ కాస్త వాలేసరికి పచ్చటి నీళ్లు మట్టిరంగుకు తిరిగాయి. అడుగు కదిలితే రంగు మారడం మామూలేనని తుంపర అన్నాడు. ఆ తర్వాతే చేపలు రావడం మొదలెట్టాయి. ముందు చిన్నవి, తర్వాత చెయ్యంత పొడవున్నవి, ఆ తర్వాత ఎన్నడూ ఎవరి గాలానికీ తగలనివి. అన్నీ పైకొచ్చి, మొహాలు నీళ్ల బయటికి పెట్టి, ఒడ్డు వైపుకు బారులు తీరాయి. జనం లేచి నిలబడ్డారు. ఇన్ని చేపలు ఈ గోతిలో ఉన్నాయని ఎవరూ అనుకోలేదు. కొత్త గాలికి సంతోషపడి ఆడుకుంటున్నాయన్నారు ఎవరో. చప్పట్లు మొదలయ్యాయి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అనే సామెతను పెద్దలు ఊరికే పుట్టించలేదు.

పెద్దాయన కూడా వచ్చాడు. గంటు పడిన పెదవితో సరిగ్గా పళ్ల డాక్టరు కాళ్ల ముందుకు వచ్చి ఆగాడు. డాక్టరు ఏళ్ల తరబడి ఎదురుచూసిన మొహం, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. కెమెరా కంటికి పెట్టుకున్నాడు. పెట్టుకుని, మళ్లీ దించేశాడు. తుంపరను చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

"నేను పొద్దస్తమానం తెరిచిన నోళ్లే చూస్తాను," అన్నాడు మెల్లగా. "ఇది సంతోషంతో తెరిచిన నోరు కాదండీ."

తుంపర వంగి చూశాడు. పెద్దాయన నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, తెరుచుకుంటోంది. పక్కనున్న చేపా అంతే. దాని పక్కదీ అంతే. అప్పుడే ముక్కుకు వాసన తగిలింది. కుళ్లిన గుడ్డు వాసన. పిన్ని ముక్కు మూసుకుని, ఎవరి పనిరా ఇది అంది. ఎవరి పనో చుట్టూ ఉన్నవాళ్లందరికీ తెలుసు.

అతనికి ఏమీ పాలుపోలేదు. గాలి చాలకపోతే చేపలు ఇలా నోళ్లు తెరుస్తాయి, అది తెలుసు. గాలి చాలకపోతే గాలి ఎక్కించాలి, అదీ తెలుసు. మధ్యాహ్నం నుంచి ఎక్కిస్తున్నది గాలి కాక మరేమిటి? మిషను ఊదడం మాని పీలుస్తోందేమోనని పరుగెత్తి గొట్టం ఊడదీసి అరచెయ్యి అడ్డం పెట్టాడు. చెయ్యి వెనక్కి తన్నుకుపోయేంత గాలి వచ్చింది. గొట్టం మళ్లీ తొడిగాడు. గాలే చెడిపోయిందేమోనని మిషను పక్కన మోకాళ్ల మీద కూర్చుని వాసన చూశాడు. షెడ్డులో గాలి షెడ్డులో గాలిలాగే ఉంది. అన్నం పెడుతుంటే ఆకలితో చచ్చిపోతున్నారంటే ఎవరు నమ్ముతారు? కళ్లారా చూస్తూ అతనే నమ్మలేకపోయాడు.

ఆపేయమని ఒకరన్నారు. ఆపితే ఉన్న గాలి కూడా పోతుందని ఇంకొకరన్నారు. ఇంకా పెంచమన్నారు ఒకరు, పెంచడానికి వాల్వులో జాగా లేదు. తుంపర ఆపాడు. చేపలు నోళ్లు తెరుస్తూనే ఉన్నాయి. భయపడి మళ్లీ వేశాడు. వాసన ఇంకా పెరిగింది. మళ్లీ ఆపాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, తుంపరకు ఏ వైపు చూసినా ఒక్కటే గొయ్యి. ఒడ్డున ఒక చేప పక్కకు ఒరిగి, తెల్లటి కడుపు చూపించింది. తర్వాత ఇంకొకటి. చప్పట్లు ఎప్పుడు ఆగాయో ఎవరికీ తెలియదు.

అక్క షెడ్డు గుమ్మంలోకి వచ్చింది. అతని మొహం చూడలేదు, వాల్వు మీదున్న చెయ్యి చూసింది.

"ఆపాలా, ఉంచాలా?"

"తెలియదక్కా."

ఆ మాట అతని నోట రావడం అదే మొదటిసారి. అందులో ఒక్క తుంపర కూడా లేదు. అక్క పెదవులు బిగుసుకున్నాయి. ఆ బిగుసుకోవడం తుంపరకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఇక అయిపోయింది, అనుకున్నాడు. చేపలూ పోయాయి, అక్కా పోయింది. కళ్లలో నీళ్లు తిరిగితే, వాల్వు మీద నూనె తుడుస్తున్నట్టు తల వంచుకున్నాడు.

పళ్ల డాక్టరే అన్నాడు, ఈ మిషను పని నేర్పిన కంపెనీవాళ్లకు ఫోన్ చేయరాదా అని. ఎంత తేలికైన మాటో చూడండి. అంతసేపూ అది తుంపరకు తట్టలేదు. నేర్పినాయన ఏదో బస్సులో ఉన్నాడు. తుంపర చెప్పిందంతా ఆ హోరులోనే విని, ఒకటే అడిగాడు.

"మొదటి రోజు ఎంతసేపు నడిపారు?"

"ఆపలేదండీ. ఫుల్లు మీదే ఉంచాను."

అవతల ఆ హోరులోంచే ఆయన చెప్పడం మొదలెట్టాడు. కోప్పడకుండా చెప్పాడు, అది ఇంకా కష్టంగా ఉంది. అడుగునీళ్లలో ఏళ్ల తరబడి ఊపిరి లేదు, కుళ్లూ విషపు గాలీ పేరుకుని ఉన్నాయి. వాటినన్నిటినీ ఒక్క పూటలో పైకి తోడి కలిపేశారు. పైనీళ్లలో చేపలు పీల్చుకునే కాస్త ఊపిరినీ ఆ కుళ్లు తాగేసింది. మీ బుడగలు ఇచ్చేదానికంటే అది తాగేదే ఎక్కువ. మొదటి రోజు కాసేపు నడిపి ఆపాలి, మర్నాడు ఇంకొంచెం, ఆ మర్నాడు ఇంకొంచెం. కొత్తగా వచ్చినవాళ్లను ఇంట్లో అందరికీ మెల్లగా అలవాటు చేసినట్టు అడుగునీళ్లను పైనీళ్లకు అలవాటు చేయాలి. ఇదంతా శిక్షణ చివరిరోజు చెప్పాను కదా, అన్నాడు ఆయన.

తుంపరకు ఆ చివరిరోజు గుర్తుంది. ఆయన పాఠం చెబుతున్నంతసేపూ తను బయట ఆవరణలో నిలబడి, వాళ్ల ఫౌంటెన్ నీళ్లు ఎంత ఎత్తుకు లేస్తున్నాయా అని చూస్తూ ఉన్నాడు.

"ఇప్పుడేం చేయాలండీ?"

"కింది గాలి ఆపేయండి. పైనీళ్లను ఎలాగైనా చెదరగొట్టండి, ఎగరేయండి, గాలి తగలనివ్వండి. మీ దగ్గర ఫౌంటెన్ లాంటిదేమైనా ఉందా?"

తుంపర తల తిప్పి షెడ్డు మూలకు చూశాడు.

తర్వాత జరిగింది అతనికి వరసగా గుర్తులేదు. స్విచ్ పెట్టె కొత్త మిషను నుంచి ఊడదీశాడు. వైరు కొసలు పళ్లతో కొరికి ఒలిచాడు. ఏ వైరు ఎక్కడ పెట్టాలో కాసేపు తెలియలేదు. చేతులు ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పనే, చేతులే మర్చిపోయాయి. అక్క పక్కన కూర్చుని టార్చి పట్టుకుంది. ఎర్రది పైకి, అంది. ఆ మోటారుకు మీ బావ తిరగేసి బిగించాడు, అంది. ఆవిడ మాట్లాడిందన్న సంగతి అప్పుడతను గమనించలేదు. డాక్టరూ ఇంకో ఇద్దరూ పీపాలను ఎత్తి నీళ్లలోకి తోశారు. గాలాలవాళ్లు బక్కెట్లు, మగ్గులు, కాఫీ తెచ్చిన డబ్బా, ఏది దొరికితే అది పట్టుకుని మోకాళ్లలోతు నీళ్లలో దిగి, నీళ్లు ముంచి పైకి విసరడం మొదలెట్టారు. పిన్ని గొడుగు మడిచి, దానితోనే నీళ్లను కొట్టింది. కొడుతూ తుంపరను తిట్టింది, తిడుతూ కొట్టింది. రెంటిలోనూ ఆవిడకు అలుపు రాలేదు.

మోటారు రెండుసార్లు దగ్గింది. తుప్పునీళ్లు కక్కింది. ఆ తర్వాత బావ ఫౌంటెన్ లేచింది. అదే వంకర, అదే పుక్కిలింత. గొడుగు ఒకవైపు పెద్దది, ఒకవైపు చిన్నది. ఇన్నాళ్లూ చూసి ఒళ్లు మండిన ఆ నీళ్లనే చూస్తూ తుంపర నడుములోతు నీళ్లలో నిలబడిపోయాడు. గొడుగు పెద్దగా పడుతున్న వైపుకు చేపలు మెల్లగా తిరిగాయి. ఒకదాని వెనక ఒకటి ఆ తుంపర కిందికి చేరాయి.

పొద్దు వాలేదాకా అలాగే విసిరారు. ఎవరి భుజాలు వాళ్లవి కాకుండా పోయాయి. మసక పడేసరికి నోళ్లు తెరిచేవి తగ్గాయి. కొన్ని చేపలు లోపలికి జారుకున్నాయి. అవి బాగుపడి వెళ్లాయో, చావడానికి వెళ్లాయో ఎవరూ చెప్పలేకపోయారు. చచ్చినవాటిని డాక్టరు ఏరి ఒడ్డున గోనెపట్టా మీద పరిచాడు. ఒక్కొక్క చేపనూ తిప్పి పెదవి చూశాడు. పెద్దాయన వాటిలో లేడు. నీళ్లలోనూ కనిపించలేదు. ఉన్నట్టా, లేనట్టా అని పిన్ని అడిగితే, తెలియదండీ అన్నాడు డాక్టరు. ఆ రోజు అందరూ నేర్చుకున్న జవాబు అదొక్కటే. పట్టా కప్పి, తడిబట్టలతోనే అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు.

తుంపర వెళ్లలేకపోయాడు. వెళ్లాలో ఉండాలో కూడా తెలియలేదు. ఇస్త్రీ చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఒడ్డున చెక్కబల్ల చివర కూర్చున్నాడు. అక్క వచ్చి అవతలి చివర కూర్చుంది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. చాలాసేపు ఏమీ అనలేదు. అక్క మౌనం వచ్చేసింది, అనుకున్నాడు తుంపర. ఈసారి ఎన్నాళ్లో. రేడియోకు బడి సెలవులన్నీ పోయాయి, బావ చేపలకు ఒక జన్మంతా పోతుంది. క్షమించమని అడగాలని నోరు తెరిచాడు. ఏ మాటతో మొదలెట్టాలో తెలియక మూశాడు. మళ్లీ తెరిచాడు. ఆ మధ్యాహ్నం నీళ్లలో చేపలు చేసిన పనే అతనూ చేశాడు.

"మీ బావ ఈ గోతిలో మొదటిసారి పోసిన చేపలన్నీ చచ్చిపోయాయి. నీకు తెలుసా?" అంది అక్క.

అతనికి తెలియదు.

"ఒక్కటి మిగల్లేదు. నా మాట వినకుండా పోశాడు. నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను. అన్నం పెట్టాను, బట్టలు ఉతికాను, మాట మాత్రం మాట్లాడలేదు. ఆయన ఈ బల్ల మీదే కూర్చునేవాడు, నేనెప్పుడు మాట్లాడతానా అని." ఫౌంటెన్ వైపు చూసింది. "ఆ నెల ఇప్పుడు తిరిగి కావాలంటే ఎవరిస్తార్రా నాకు?"

తుంపర ఆవిడ మొహంలోకి చూశాడు. అందులో కోపం ఉందో, బాధ ఉందో, రెండూ ఉన్నాయో తేల్చుకోలేకపోయాడు. తను ఇన్నాళ్లూ భయపడింది ఆవిడ మౌనానికైతే, ఆవిడ కూడా దానికే భయపడుతోందని అతనికి ఎన్నడూ తట్టలేదు.

"రేపు ఎంతసేపు నడపాలి ఆ మిషను?" అంది అక్క.

తను సరిగ్గా విన్నాడో లేదో అతనికి అనుమానమొచ్చింది. మళ్లీ ఆ మిషనా, తన చేతనా అని అడగబోయాడు. అక్క ఎదురుచూస్తోంది.

"ఏదైనా మాట్లాడరా, తుంపరా."

అతను మొదలెట్టాడు. రేపు వద్దు, చేపలు తేరుకున్నాక పొద్దుటిపూట కాసేపు, ఆ మర్నాడు ఇంకొంచెం, ఈలోగా బావ ఫౌంటెన్‌ను రాత్రింబవళ్లు తిప్పాలి, దాన్ని ఇక తీయనే తీయను, ఒరిగిన వైపు ఒక పీపా కడితే సరిపోతుంది, వద్దులే అలాగే ఉంచుతాను, అక్కా నన్ను క్షమించవే, అన్నీ కలిపి ఒకే ఊపిరిలో, ముక్కు చీదుతూ, గబగబా. ఆవిడ వైపుకు జరిగి మరీ చెప్పాడు. తుంపరలు ఆవిడ చెంప మీద పడ్డాయి. ఆవిడ తుడుచుకోలేదు.